ఎండకాలం తీజ్

తుల్సీబాయి గడపకు అడ్డంగా కూర్చుంది. లేవమంటే లేవదు, ఎందుకు కూర్చున్నావంటే పలకదు.

తెల్లవారకముందే వచ్చి కూర్చుంది. వీపు ఒక వాకిలి చెక్కకు ఆనించి, కాళ్లు రెండో చెక్కకు తన్నిపెట్టి, నడుమనుంచి పిల్లి కూడా దూరకుండా చూసుకుంది. కోడలు చాయ్ తెచ్చి ఇస్తే తీసుకుని పక్కన పెట్టింది. అది చల్లారి మీగడ కట్టింది.

లోపల గోరీ అప్పటికే తయారై నిలబడి ఉంది. పదకొండేళ్ల పిల్ల. జడలు తనే వేసుకుంది కాబట్టి ఒకటి చెవి మీదికి, ఒకటి మెడ మీదికి వచ్చింది. నీళ్ల బాటిల్ భుజాన వేసుకుంది. చెప్పులు కూడా ఇంట్లోనే తొడుక్కుంది. మామూలు రోజైతే దానికే నాలుగు తిట్లు పడేవి. ఇవాళ ఎవరూ చూడలేదు.

ఇవాళ వేసవి శిబిరం ఆఖరి రోజు. ఊరి బడిలో పొద్దున్నే మొదలై ఎండ ముదిరేలోపు అయిపోయే శిబిరం. పిల్లలు తాము పెంచినవీ, చేసినవీ అన్నీ పట్టుకుని గోదారి ఒడ్డుకు పోతారు. అక్కడ అందరి ముందూ నిలబడి వాటి గురించి చెప్పాలి. మొదట చెప్పాల్సింది గోరీ. రెండు రోజులుగా ఆ పిల్లకు నిద్ర లేదు, అంత సంబరం. ఇప్పుడేమో గడప మీద నానమ్మ కొండలా కూర్చుంది.

వాళ్లింట్లో మాటలన్నీ లంబాడీలోనే నడుస్తాయి. మీకు చెప్పాలి కాబట్టి తెలుగులో రాస్తున్నాను. తుల్సీబాయి నోటి ఉరుము ఇందులో సగం కూడా రాదు, ఆ లోటు మీరే పూరించుకోండి.

"దాదీ, జర జరుగు," అంది గోరీ, ఎన్నోసారో.

తుల్సీబాయి వేపచెట్టు వైపు చూసింది.

నిజానికి నాకు ఈ ముసలామె మీద కోపం రావాలి. రావడం లేదు. ఎందుకో చెబుతాను, విని మీరే తీర్పు చెప్పండి.

నిన్న పొద్దున తండా ఆడవాళ్లు బట్టలుతుక్కుని గోదారి నుంచి వస్తూ బడి పక్కన ఆగిపోయారు. లోపలి నుంచి తీజ్ పాట వినపడింది. ఎప్పుడో వానాకాలంలో, శ్రావణంలో పాడే పాట. నడి ఎండకాలంలో ఎవరు పాడుతున్నారని గోడమీదుగా తొంగిచూశారు. వరండాలో బెంచీల మీద వరసగా వెదురు బుట్టలు, బుట్టల నిండా జానెడేసి గోధుమ మొలకలు. చుట్టూ తండా ఆడపిల్లలు నెత్తిన చున్నీలు కప్పుకుని నీళ్లు పోస్తున్నారు. ముందు నిలబడి పాట ఎత్తుకుంటున్నది గోరీ.

తీజ్ అంటే తండాలో పెళ్లికాని ఆడపిల్లల పండగ. తమ తల్లి దేవత మేరామ యాడి పేరు తలుచుకుని పుట్టమన్నులో గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు పాటలతో నీళ్లు పోసి, చివరికి ఏటిలో కలుపుతారు. అయితే ఎవరికి తోచినప్పుడు వాళ్లు చల్లడానికి లేదు. ముందుగా పిల్లలంతా తండా పెద్ద ఇంటికి, అంటే నాయక్ ఇంటికి, పాడుకుంటూ పోయి హుకుం అడగాలి. ఆయన సరే అంటేనే గింజ మట్టిలో పడాలి. ఇది తుల్సీబాయి అత్తగారి అత్తగారికి కూడా తెలిసిన కట్టు.

మరి శిబిరంలో ఏం జరిగింది? ఫిజా టీచర్ పిల్లలందరినీ ఏదో ఒక విత్తనం మొలకెత్తించి చూపమంది. ఊరి పిల్లలు ప్లాస్టిక్ గ్లాసుల్లో పెసలు వేసుకున్నారు. తండా ఆడపిల్లలు మాత్రం గోధుమలు అడిగారు, బుట్టలు అడిగారు, గ్లాసులో మట్టి కాదని పోయి పుట్టమన్ను తవ్వుకొచ్చారు. అంతా సిద్ధమయ్యాక గోరీకి గుర్తొచ్చింది, ఇట్లా చల్లాలంటే పెద్దవాళ్ల హుకుం కావాలి కదా అని. తండాకు పెద్ద నాయక్. బడికి పెద్ద ఎవరు? టీచర్. అందరూ వరసగా ఫిజా కుర్చీ ముందుకు పాడుకుంటూ వచ్చి హుకుం అడిగారు. ఆమె అదీ ఆటలో భాగమేననుకుని, సరే, ఇచ్చిన, పోసుకోండ్రి అని నవ్వింది.

ఆటలో కూడా ఆచారం తప్పకూడదనుకున్నారు పిల్లలు. అసలు తప్పు అక్కడే జరిగింది. మామూలుగా గోధుమలు చల్లి ఊరుకుంటే ఇవాళ ఈ గొడవే లేదు. ఇప్పుడు తండా తీజ్‌కు నాయక్ ఉండగా ఊరుకాని ఊరి పిల్ల హుకుం ఇచ్చినట్టయింది. ఈ సంగతి నిన్న మధ్యాహ్నానికల్లా తండా అంతా పాకింది, సాయంత్రానికి తుల్సీబాయి మాట మానేసింది.

పొయ్యి దగ్గర శారద జొన్నరొట్టె కొడుతున్నది. కొట్టే చప్పుడు పక్కింటికి వినిపిస్తున్నది. శారద గోరీ తల్లి, మాట తక్కువ మనిషి, అత్త ఎదుట మరీ తక్కువ. ఇవాళ రొట్టెలే మాట్లాడుతున్నాయి.

వాకిట్లో గోరీ తండ్రి ప్రేమ్‌సింగ్ ట్రాక్టర్ కింద దూరి ఉన్నాడు. ఆ ట్రాక్టర్‌కు ఏ జబ్బూ లేదు. ఉన్న బోల్టు విప్పుతాడు, మళ్లీ బిగిస్తాడు. అమ్మ వైపు మాట్లాడితే పెండ్లం ఊరుకోదు, పెండ్లం వైపు మాట్లాడితే అమ్మ ఊరుకోదు. ట్రాక్టర్ కిందైతే ఎవరి వైపూ మాట్లాడక్కర్లేదు.

చివరికి శారదే నోరు విప్పింది. రొట్టె పెనం మీద వేసి, పిండి చేతులతోనే వచ్చి అత్త వెనుక నిలబడింది.

"నీ మనవరాలు నలుగుర్ల నిలబడి మాట్లాడుడు నువ్వెన్నడన్న జూసినవా అత్తా?"

తుల్సీబాయి మాట మానేసిన సంగతి మరిచిపోయింది. "నోరు తెరిసే గీ పని జేసింది," అంది.

"బడిల ఐదేండ్లు నోరు తెర్వలె. దీని తెలుగుకు పోరలు నవ్వుతరని హాజరు పిలిస్తే సుత చెయ్యెత్తుడే. నిన్న నేను గోడ అవుతల నిలబడి జూసిన. ఊరి పిల్లలందరికి బుట్ట ఎట్ల పట్టాల్నో చెప్తున్నది. గట్టిగ చెప్తున్నది. ఒక్కడు నవ్వలె. నాకు ఏడుపొచ్చింది." శారద మోచేత్తో కళ్లు తుడుచుకుంది. "గీ ఒక్క రోజు పోనీ."

తుల్సీబాయికి ఏమనాలో తోచలేదు. తోచనప్పుడు ఆమెకు తిట్టడం అలవాటు. కోడలి పుట్టింటి వాళ్లను మొదలుపెట్టి, ఫోన్‌లను, సౌండ్ బాక్సులను, వాటి ముందు ఎగిరే ఈ కాలం తీజ్‌లను వరసగా అందుకుంది. నాలుగేళ్లుగా ఆమె తీజ్‌లో పాడటమే మానేసింది. అంతకుముందు ఆమె గొంతు లేస్తే తప్ప తండాలో బుట్ట లేచేది కాదు. బాక్సుల మోతలో తన పాట ఎవరికీ వినపడకపోతే ఒకరోజు చేటెడు కోపంతో ఇంటికొచ్చి మంచమెక్కింది, మళ్లీ పోలేదు.

"మేరామ యాడితోని ఆటలాడుతరా? ఎండల పోసిన తీజ్, హుకుం లేని తీజ్. తండకు కీడైతే ఎవరు బాధ్యులు? నీ గోరీనా, ఆ టీచరమ్మనా?"

గోరీ లోపల గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చుంది. చెప్పులు మాత్రం విప్పలేదు.

అప్పుడే స్కూటీ చప్పుడైంది.

ఫిజాది మహదేవపూర్. టీచర్ చదువు చదివి, ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ, ఊరికే కూర్చోలేక ఈ శిబిరం పెట్టుకున్న పిల్ల. తండాలోకి పోతే మాటలు పడతావని వాళ్లమ్మ నఫీసా బేగం వద్దందట. వద్దన్నాక ఇంకా తొందరగా బయల్దేరింది. స్కూటీ దూరంగానే ఆపి, చెప్పులు విడిచి, వాకిట్లోకి వచ్చి నిలబడింది. ఆమె వెనకే తండా సగం వచ్చింది. ఆ వెనక నాయక్ చందూలాల్ వచ్చాడు, ఉతికిన తెల్ల తలపాగా చుట్టుకుని.

చందూలాల్ చెడ్డవాడని మాత్రం అనుకోకండి. న్యాయం తెలిసిన మనిషి. కాకపోతే ఈమధ్య ఆయన గుమ్మం ఎవరూ తొక్కడం లేదు. తగాదాలు స్టేషన్‌కు పోతున్నాయి. పెండ్లిళ్లు ఫంక్షన్ హాళ్లకు పోతున్నాయి. ఇంత తండాలో నాయక్‌ను అడిగి చేసే పని తీజ్ ఒక్కటే మిగిలింది. ఏడాదికొకసారి ఆడపిల్లలు పాడుకుంటూ తన వాకిట్లోకి వస్తే ఆ రోజు ఆయన రెండు పూటలా తలపాగా విప్పడు. ఇప్పుడు అదీ పోయింది. ఆయన కోపమంతా ఈ బాధే.

ఫిజా ఆయనకు నమస్కారం పెట్టింది. "నాకు తెల్వదు చాచా. తెల్వక జేసినా తప్పు తప్పే. మాఫ్ జెయ్యుండ్రి. పిల్లల మీద మాత్రం కోపం పెట్టుకోకుండ్రి."

చందూలాల్ ఆమె ముఖం చూడకుండా తీర్పు చెప్పాడు. తండా పిల్లలు ఇక శిబిరానికి పోరు. ఇవాళ్టికి కూడా పోరు. బుట్టలు వెంటనే ఖాళీ చేయాలి.

"హుకుం లేని తీజ్ తీజే కాదు. అది గడ్డి. గడ్డిని పెంట మీద పారేయుండ్రి."

లోపల గోరీ ఏడుపు బయటికి వచ్చింది, బాటిల్ మూతను నోట్లో పెట్టుకుని ఆపుకోబోయింది గానీ ఆగలేదు. ట్రాక్టర్ కింద స్పానర్ చప్పుడు ఆగిపోయింది.

తుల్సీబాయి గడప మీద నుంచి లేచింది.

"పెంట మీదనా?"

అందరూ ఆమె వైపు తిరిగారు. చందూలాల్ కూడా. తన వైపే మాట్లాడుతుందనుకున్నాడు పాపం.

"ఏమన్నవ్ చందూ? తీజ్‌ను పెంట మీదనా?"

తీజ్ కాదంటున్నాను కదా కాకీ అన్నాడాయన. తనకంటే పెద్ద ఆడవాళ్లందరూ ఆయనకు కాకీలే, అంటే పిన్నమ్మలే. ఆమె వినిపించుకోలేదు. లోపలికి తిరిగి గోరీని రెక్క పట్టి లేపి వాకిట్లోకి తెచ్చింది. మిగతా పిల్లల్ని కూడా పిలిచి వరసగా నిలబెట్టింది. కోర్టులో వకీలు కూడా అట్లా అడగడు. పుట్టమన్నేనా? పుట్టమన్నే. మేరామ యాడి పేరు తలుచుకునే చల్లారా? తలుచుకునే. రోజూ పాటతోనే నీళ్లు పోశారా? పాటతోనే.

"ఉప్పు?"

పిల్లలు తలలు దించుకున్నారు. తీజ్ పోసిన ఆడపిల్లలు ఉప్పు తినకూడదు. గోరీ ముక్కు తుడుచుకుని, తినలేదు దాదీ అంది.

శారద నోరు తెరుచుకుని కూతుర్ని చూసింది. ఎండలకు ఆకలి చచ్చిందనుకుంది ఇన్నాళ్లు. కూర ముట్టకుండా రొట్టె, బెల్లం తిని లేచిపోతుంటే పిల్లకు దిష్టి తగిలిందని ఎండుమిరపకాయలు కూడా తిప్పింది. ఇంకో తల్లి, మా ఇంట్లోనూ అంతే, అని గొణిగింది. మరొకామె నుదురు కొట్టుకుంది. ఒక్కో తల్లికి ఒక్కో కంచం గుర్తొచ్చింది.

తుల్సీబాయి ఇంకా వదల్లేదు. శిబిరం పొద్దున ఒక్కపూటే కదా, మాపటి నీళ్లు ఎవరు పోశారని అడిగింది.

"నేనే పోసిన అవ్వా," అంది ఫిజా. "రోజు మహదేవపూర్ నుంచి వచ్చి."

"పాట?"

"నాకు రాదు. పిల్లలు పాడింది ఫోన్ల రికార్డ్ జేసుకున్న. అది పెట్టి పోసిన. పాట లేకుండ పోయొద్దని గోరీ చెప్పింది."

వెనక ఎవరో ఆడమనిషి కిసుక్కున నవ్వింది. మేరామ యాడి ఫోన్ పాట వింటదా అని మరొకరు అడిగారు. వినే ఉంటది, మొలకలైతే వచ్చినయి గద, అంది శారద. మాట తక్కువ శారద! ఇక ఆడవాళ్లంతా నవ్వేశారు. తుల్సీబాయి మూతి కూడా ఒక పక్కకు పోయింది, గబుక్కున సర్దుకుంది.

"ఇను చందూ," అంది. "ఏ నెలల పోసిన్రు, ఎందుకు పోసిన్రు, గది తర్వాత అడుగు. ఉప్పు మానేసి, పేరు దలిచి పోసినంక అది తీజే. ఎండబెడితే పాపం, పారేస్తే ఇంక పాపం. ఏట్ల కలపాల్సిందే. గియ్యాల్నే కలపాలె." కొడుకు వైపు తిరిగింది. "నువ్వేంది, దాని కిందనే పంటవా? బండి తియ్యి."

ప్రేమ్‌సింగ్ జీవితంలో అంత తొందరగా ట్రాక్టర్ కింది నుంచి ఎప్పుడూ రాలేదు.

ఇక చూడండి ఆ హడావుడి! ఎవరింట్లో ఏ పెట్టెలో ఉన్నాయో, అద్దాలు కుట్టిన పేటియా లంగాలు బయటికొచ్చాయి. వానాకాలం వచ్చేదాకా మడత విప్పని బట్టలు మే నెలలో విప్పారు. ఒకామె పొయ్యి మీద అన్నం వదిలేసి వచ్చి, మళ్లీ పరిగెత్తి పోయి దించి వచ్చింది. పిల్లలు ట్రాలీలోకి ఎక్కడం కాదు, దూకారు. శారద మాడిన రొట్టె పెనంతో సహా పక్కన పెట్టి, పిండి చేతులు కొంగుకు తుడుచుకుని ఎక్కింది. తుల్సీబాయి నేను రానంది. పిల్లలు పాటలో రెండో చరణం తప్పు పాడుతున్నారని ఎవరో చెప్పారు. అయితే వస్తానంది.

చందూలాల్ వాకిట్లో ఒక్కడే మిగిలాడు. రమ్మని ఎవరూ పిలవలేదు. సంబరంలో మరిచిపోయారంతే, కావాలని కాదు. ఆయనకు మాత్రం అది కావాలని చేసినట్టే తోచింది.

దారి పొడుగునా పాటే. గుంతలో ట్రాలీ ఎగిరినప్పుడల్లా పాట కూడా ఎగిరి మళ్లీ అందుకుంటున్నది. గోరీ నానమ్మ పక్కనే కూర్చుని రెండో చరణం పాడి వినిపించింది. తుల్సీబాయి తల అడ్డంగా ఊపి, సరిచేసి పాడింది. మొదట గొణిగినట్టు పాడింది. నాలుగేళ్లు వాడని గొంతు కదా, బొంగురుగా వచ్చింది. రెండోసారికి సాపైంది. ట్రాలీలో ఒక్కొక్కరూ పాట ఆపి ఆమె వైపు చూడసాగారు. ముందు కూర్చున్న ప్రేమ్‌సింగ్ వెనక్కి తిరగలేదు గానీ బండి నెమ్మది చేశాడు, ఇంజిన్ చప్పుడు తగ్గాలని.

బడి దగ్గర ఊరి పిల్లలు పెసర గ్లాసులు పట్టుకుని ఎండలో ఎదురుచూస్తున్నారు. తండా పిల్లలు రారని వాళ్లకు అప్పటికే తెలుసట. శ్రేయ అనే పిల్ల అయితే గోరీ రాకుంటే మేమూ పోమని మెట్ల మీద కూర్చుందట. ట్రాక్టర్ మలుపు తిరగ్గానే ఆ పిల్ల గ్లాసులో నీళ్లు ఒలికిపోయేలా ఎగిరింది.

తుల్సీబాయి మాత్రం తిన్నగా వరండాలోకి పోయింది. ఒక్కో బుట్టలో వేలు పెట్టి చూసింది. ఇదేమో ఒత్తుగా చల్లారంది, అదేమో ఒక పక్కకు వాలిందంది. గోరీ బుట్ట దగ్గర ఆగింది. మొలకలు నీడన పెరిగి లేత పసుపుగా, ఒకే ఎత్తున నిలబడి ఉన్నాయి. దానికి ఏ వంకా పెట్టలేదు. అరచేతితో ఒకసారి నిమిరి, ఎత్తుకో అంది.

గోదారి ఎండకాలం గోదారే. ఇసుక ఇసుక ఇసుక, ఆ అవతల సన్నని పాయ. అయినా పొద్దు ఇంకా ముదరలేదు, ఇసుక కాళ్లకు పర్వాలేదు. శిబిరంలో ఫిజా నేర్పిన పద్ధతి ప్రకారం కొందరు పిల్లలు ముందే పోయి నీళ్ల అంచున వరస కట్టారు. ఒక్కొక్కడి చేతిలో తాడు, తాడు చివర మూత బిగించిన ఖాళీ నూనె డబ్బా. గుంతలో జారినవాడికి చెయ్యి ఇవ్వకూడదు, ఇస్తే ఇద్దరూ పోతారు, డబ్బా విసరాలి. మోకాలు దాటి ఎవరూ పోకూడదు. తండా ఆడవాళ్లు ఒక అడుగు ఎక్కువ వేయబోతే ఆ పిల్లలు సిపాయిల్లా ఆపేశారు, పెద్దా చిన్నా చూడలేదు.

గోరీ అందరి ముందుకూ వచ్చి నిలబడింది. బుట్ట నెత్తిన పెట్టుకుంది. మొదటి మాట గొంతులోనే ఆగింది. శారద కొంగు నోట్లో పెట్టుకుంది. ఊరి పిల్లల్లో ఒకడు నవ్వబోయి, శ్రేయ మోచేతి పోటు తిని మానుకున్నాడు. రెండో మాట వచ్చింది, మూడోదీ వచ్చింది, ఇక ఆగలేదు. తీజ్ అంటే ఏమిటో, పుట్టమన్నే ఎందుకో, ఏటిలో కలిపేటప్పుడు అత్తారింటికి పోతున్నట్టు ఆడపిల్లలు ఎందుకేడుస్తారో, అంతా చెప్పింది. దాని తెలుగు దానిదే. ఆ తెలుగులోనే చెప్పింది. అవతలి ఒడ్డుకు కూడా వినపడిందని తర్వాత ప్రేమ్‌సింగ్ ఎంతమందికి చెప్పుకున్నాడో లెక్క లేదు.

ఏటిలో కలిపేముందు మొలకలు కొన్ని తెంపి పెద్దల తలపాగాల్లో పెట్టాలి. ఆడవాళ్లకైతే కొంగులో. గోరీ మొదటి పిడికెడు తెంపింది. తెంపి తల ఎత్తేసరికి ఆడవాళ్ల వెనకాల చందూలాల్ కనపడ్డాడు. ఎప్పుడొచ్చాడో, బైక్ ఒడ్డున పెట్టి ఇసుకలో నడిచి వచ్చాడు. ఉండబట్టలేక వచ్చాడు. తలపాగా ఇంకా తలమీదే ఉంది.

గోరీ ముఖం విప్పారింది. ప్రతి తీజ్‌లోనూ మొదటి మొలకలు నాయక్‌కే. పిల్ల ఆయన వైపు పరుగెత్తింది.

"ఆగు," అంది తుల్సీబాయి.

పాట ఆగింది.

"హుకుం ఎవరినడిగిన్రు మీరు?"

గోరీ నానమ్మను చూసింది, నాయక్‌ను చూసింది. "టీచర్‌ను," అంది చిన్నగా.

"మరి మొదటి తీజ్ ఎవరిది?"

హుకుం ఇచ్చిన వాళ్లది. అది అక్కడున్న చంటిపిల్లలకు కూడా తెలుసు. నాయక్‌కు పెట్టేది నాయక్ అని కాదు, హుకుం ఇచ్చాడని. ఇన్నాళ్లూ ఆ రెండూ ఒకరే కాబట్టి తేడా ఎవరికీ పట్టలేదు.

ఫిజా రెండడుగులు వెనక్కి వేసింది. "వద్దవ్వా. చాచాకే పెట్టుండ్రి. నేను అన్నది తెల్వక అన్న మాట."

"నీ ఇష్టం కాదు బిడ్డా ఇది. నా ఇష్టం సుత కాదు." తుల్సీబాయి గొంతు కూడా సంతోషంగా లేదు. "పొద్దున్నుంచి ఆచారం ఆచారం అని నేనే మొత్తుకున్న. ఇప్పుడు చందూ కోసమని మార్చమంటే ఎట్ల మారుస్త?"

ఫిజా కళ్లలో నీళ్లు తిరిగాయి. దువా చేసేటప్పటిలా చున్నీ తలమీదికి లాక్కుని, ఇసుకలో మోకాళ్ల మీద కూర్చుంది. గోరీ ముందుకొచ్చి వంగింది. ఆ చున్నీ మడతలో మొలకలు దోపింది. తుల్సీబాయి పాట ఎత్తుకుంది, మిగతా ఆడవాళ్లు ఒక్క క్షణం తటపటాయించి అందుకున్నారు. ఊరి పిల్లలు చప్పట్లు కొట్టారు. వాళ్లకేం తెలుసు పాపం.

చందూలాల్ చేయి తలమీదికి పోయింది. నెమ్మదిగా తలపాగా విప్పాడు. మడతలు ఒక్కొక్కటీ విప్పి, పోగు చేసి, ఇసుక మీద పెట్టాడు.

"నాయక్ ఎవరో తేలింది గద కాకీ," అన్నాడు. అరవలేదు. అరిచినా బాగుండేది.

మళ్లీ పాట ఆగిపోయింది. తండాలో ఎవరూ ఆయనను నలుగురిలో ఉత్త తలతో చూడలేదు. నెరిసిన జుట్టు తలపాగా ఒత్తుకు అణిగిపోయి ఉంది. ఆయన ఒక్కసారిగా ముసలివాడైపోయాడు. మగవాళ్లు కళ్లు పక్కకు తిప్పుకున్నారు.

గోరీ అప్పటికే రెండో పిడికెడు తెంపి పట్టుకుని ఉంది. అది ఆయనకే. టీచర్ తర్వాత ఆయనకే అని తెంపేటప్పుడే అనుకుంది. ఇసుకలో కాళ్లు కూరుకుపోతుండగా ఆయన దగ్గరికి పోయి నిలబడింది. తలపాగా లేదు. ఎక్కడ పెట్టాలి? ఉత్త తల మీద తీజ్ పెట్టొచ్చా? నానమ్మ వైపు చూసింది.

తెల్లవారుజాము నుంచీ ప్రతిదానికీ జవాబున్న తుల్సీబాయికి దీనికి జవాబు లేదు. ఇట్లాంటిది ఆమె అత్త కాలంలో కూడా జరగలేదు.

ఎండ ఎక్కుతున్నది. పిడికిట్లో మొలకలు వాడుతున్నాయి. శారద కూతుర్ని వెనక్కి పిలవబోయింది, ప్రేమ్‌సింగ్ ఆమె చేయి పట్టుకుని ఆపాడు.

గోరీ నెత్తిన చున్నీ సర్దుకుంది. నాయక్ వాకిట్లో ఆడపిల్లలు నిలబడేటట్టు నిలబడింది. ఇందాక అవతలి ఒడ్డుకు వినపడిన గొంతుతోనే అడిగింది.

"దాదా, నీకు తీజ్ పెట్టాలె. హుకుం ఇయ్యి."

చందూలాల్ తల ఎత్తి ఆ పిల్లను చూశాడు. చేయి ఇసుక మీది తలపాగా వైపు సాగింది. ఒడ్డున ఉన్న వాళ్లంతా ఆయన నోటివైపే చూస్తూ నిలబడ్డారు.